ఎండ ఒక్కటే చాలదు: దొంతర ట్రేలలో గాలి చేసే పని

వేసవిలో డాబా మీద ఏదైనా ఎండబెట్టాలంటే మన ఇళ్లలో నులక మంచాన్ని మించిన సాధనం లేదు. మంచం మీద పాత పంచె పరిచి గుమ్మడి వడియాలో, గోరుచిక్కుడు ఒరుగులో, చల్ల మిరపకాయలో పోస్తారు. పక్కనే సిమెంటు నేల కాలు మోపలేనంతగా కాలుతూ ఉంటుంది. కావలసింది వేడే అయితే నేలే మేలు. అయినా చేయి తిరిగినవాళ్లు మంచమే వాల్చుకుంటారు. నేల మీది వంకాయ ముక్కకు పైముఖం ఒక్కటే గాలికి తగులుతుంది, కింది ముఖం తన తడిలో తానే నానుతుంటుంది. మంచం మీది ముక్కకు నులక సందుల్లోంచి కింది గాలి కూడా ఆడుతుంది. తడి బయటపడడానికి ఒక ముఖానికి బదులు రెండు ముఖాలు దొరుకుతాయి.

ఎండబెట్టడంలో ఉన్న శాస్త్రమంతా ఈ తేడాలోనే ఉంది. వేడి చేసే పని నీటిని ఆవిరిగా మార్చడం వరకే. ఆ ఆవిరిని ముక్క పక్కనుంచి మోసుకుపోయేది గాలి. మోసేవాడు రాకపోతే ఆవిరి అక్కడే నిలిచిపోతుంది, కొత్త ఆవిరి బయటికి రాదు. ఇప్పుడు చాలామందికి డాబా లేదు, మంచం వాల్చే చోటూ లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండడుగుల స్థలం దొరికితే అదే గొప్ప. అంత చోటులో నాలుగైదు కిలోల కూరగాయలు ఎండబెట్టాలంటే జాలీ ట్రేలను ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చడమే మార్గం. చెక్క, జాలీ, మేకులు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే వీటిని చేసేటప్పుడు మనం నిజానికి తయారు చేస్తున్నది గాలికి దారి. ఆ సంగతి మరిచిపోతే ఎంత అందంగా చేసిన దొంతరలోనైనా మధ్య ట్రే బూజు పడుతుంది.

ముందు లెక్క చూద్దాం. కిలో టమాటాల్లో దాదాపు 940 గ్రాములు నీళ్లే. పదిశాతం తేమ మిగిలేలా ఎండబెడితే చేతికొచ్చేది 67 గ్రాముల ఒరుగు. మిగిలిన 930 గ్రాముల పైచిలుకు నీరు ఆవిరై పోవాలి. గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి 70 కెలోరీలు చాలు. అదే గ్రామును ఆవిరిగా మార్చడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. ఎండబెట్టడం నెమ్మదిగా సాగే పని కావడానికి మొదటి కారణం ఇదే. కరెంటు లెక్కలో చెబితే కిలో టమాటాల నీరు ఆవిరి కావడానికి 0.6 యూనిట్ల కన్నా కొంచెం ఎక్కువ శక్తి పడుతుంది. మన రాష్ట్రాల్లో మబ్బులేని రోజున చదరపు మీటరు మీద పడే ఎండ దాదాపు 5 యూనిట్లు. అందులో మూడో వంతే పనికొచ్చినా రెండు కిలోల టమాటాలకు సరిపోతుంది. వేడికి మనకు కరువు లేదు.

గాలి లెక్క చూస్తే కథ మారుతుంది. 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలిని 45 డిగ్రీలకు వేడెక్కించి ముక్కల మీదుగా పంపామనుకోండి. బయటికి పోయేలోగా కిలో గాలి మోయగలిగేది ఆరేడు గ్రాముల నీటినే. అంటే కిలో టమాటాలను ఎండబెట్టడానికి దాదాపు 140 కిలోల గాలి కావాలి. పది అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గదులు నాలుగైదింటిలో పట్టేంత గాలి అది. కిలో కూరగాయ వెనక ఇంత గాలి నడవాలని తెలిశాక ట్రేలో ముక్కల కన్నా ముక్కల మధ్య ఖాళీయే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

ఎంత గాలి అన్నదే కాదు, ఎలాంటి గాలి అన్నదీ చూడాలి. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం అటూఇటూగా ఉంటుంది. విశాఖలో సముద్రం పక్కన అదే వేళ అందుకు రెట్టింపు ఉంటుంది. ఒకే ఎండలో ఒకే ఒరుగు అక్కడొకలా, ఇక్కడొకలా ఎండడానికి కారణం ఇదే. గాలి వేడెక్కేకొద్దీ అది నీటి ఆవిరిని ఇముడ్చుకోగల శక్తి వేగంగా పెరుగుతుంది. పది పదకొండు డిగ్రీలు పెరిగితే ఆ శక్తి దాదాపు రెట్టింపవుతుంది, తేమ శాతం సగానికి పడిపోతుంది. వానాకాలంలో 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమతో బరువెక్కిన గాలిని 45 డిగ్రీలకు వేడి చేస్తే అందులోని నీరు ఒక్క గ్రాము కూడా తగ్గదు కానీ తేమ శాతం మాత్రం 35 అవుతుంది. విశాఖ గాలిని అనంతపురం గాలిగా మార్చుకున్నట్టే. నల్లరంగు పూసిన రేకు మీద గాజుపలక బిగించి, ఆ రెండింటి మధ్యగా గాలిని పంపి ట్రేల కిందికి చేరిస్తే ఈ పని జరిగిపోతుంది. పలకను దక్షిణం వైపు వాలుగా పెట్టాలి. మన ప్రాంతపు అక్షాంశం ప్రకారం 15 నుంచి 20 డిగ్రీల వాలు సరిపోతుంది. ఆ వాలు వల్ల వేడెక్కిన గాలి దానంతట అదే పైకి పాకుతుంది.

ఇప్పుడు దొంతర దగ్గరికి వద్దాం. దాన్ని ఇడ్లీ స్టాండుకు తిరగేసిన రూపంగా ఊహించుకోవచ్చు. ఇడ్లీ పాత్రలో కింది నుంచి లేచిన ఆవిరి ఒక్కో రేకు దగ్గర వేడినీ తేమనూ ఇచ్చుకుంటూ పోతుంది. ఇక్కడ వేడిగాలి కింది నుంచి లేచి ఒక్కో ట్రే దగ్గర వేడిని ఇచ్చి తేమను తీసుకుంటూ పైకి వెళుతుంది. అన్నిటి కన్నా కింది ట్రేకు అందేది పొడి గాలి, వేడి గాలి. రెండో ట్రేకు అందేది మొదటి ట్రే తడిని మోస్తూ చల్లబడిన గాలి. అయిదో ట్రేను చేరేసరికి అది వానాకాలపు గాలిలాగే తయారై ఉండొచ్చు. కింది ముక్కలు పెళుసుగా విరుగుతుంటే పై ముక్కలు మెత్తగా సాగుతుండడం అందుకే.

దీనికి తోడు మరో చిక్కు ఉంది, దొంతర చేసేవాళ్లు చాలామంది దాన్ని గమనించరు. వేడిగాలి పైకి లేచేది బయటి గాలి కన్నా తేలికగా ఉండబట్టే. తడి ముక్కల్లోని నీటిని ఆవిరి చేస్తూ పోతే ఆ గాలి 45 డిగ్రీల నుంచి 30కి దిగిపోతుంది. అప్పుడు బయటి గాలికీ దీనికీ తేడా ఉండదు, పైకి లేవాల్సిన అవసరమూ దానికి ఉండదు. అంటే ట్రేలు తమ పని ఎంత బాగా చేస్తే గాలి నడక అంత మందగిస్తుంది. అయిదారు ట్రేల నిండా తడి సరుకు పేర్చినప్పుడు లోపలి గాలి దాదాపు నిలిచిపోయేది ఇందువల్లే. నా ఉద్దేశంలో ఫ్యాను లేని దొంతరకు నాలుగు ట్రేలే హద్దు. అంతకు మించి కావాలంటే పైన మూడు నాలుగడుగుల రేకు గొట్టం నిలబెట్టి నల్లరంగు వేయాలి. ఎండకు గొట్టం కాలి లోపలి గాలిని మళ్లీ వేడెక్కించి పైకి లాగుతుంది. లేదా కంప్యూటరులో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యానును కింద బిగించి సోలార్ పలకకు కలపాలి. ఎండ పెరిగితే ఫ్యాను వేగమూ పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. మనకు కావలసిందీ అదే.

సరుకు ఎలా పేర్చాలన్న దానికీ భౌతికశాస్త్రం జవాబు చెబుతుంది. అన్ని ట్రేలనూ ఒకేసారి నింపితే రెండు గంటలకోసారి కిందిది పైకి, పైది కిందికి మార్చుకోవాలి. రోజూ కొంచెం కొంచెంగా సరుకు వచ్చే ఇంట్లో ఇంకా మంచి పద్ధతి ఉంది. కొత్తగా తరిగిన తడి ముక్కలు ఎప్పుడూ పైన ఉండాలి, ఎండడం పూర్తి కావొచ్చినవి కింద ఉండాలి. సగం ఎండిన ముక్కలోంచి చివరి తేమను లాగడానికి బాగా పొడిగా ఉన్న గాలి కావాలి, తడి ముక్కకు కాస్త తేమ ఉన్న గాలైనా చాలు. తడి ట్రేను కింద పెడితే దాని ఆవిరి పైనున్న ఎండిన ముక్కలను మళ్లీ మెత్తబరుస్తుంది. కిందిది ఎండగానే తీసేసి, మిగతావాటిని ఒక్కో మెట్టు దించి, కొత్త ట్రేను నెత్తిన పెట్టాలి. పెద్ద కర్మాగారాల్లో కూరగాయలను ఎండబెట్టే సొరంగాల్లో బళ్లను గాలికి ఎదురుగా నడిపించేది ఈ సూత్రం మీదే.

ఇక చెక్కపని. లోపలి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న చట్రం ఇంటికి అనువుగా ఉంటుంది. ఇద్దరు మనుషుల అవసరం లేకుండా ఎత్తి దించవచ్చు. చట్రం ఎత్తు ఆరేడు సెంటీమీటర్లు ఉంటే పై ట్రే జాలీకీ కింది ముక్కలకూ మధ్య గాలి ఆడే చోటు మిగులుతుంది. ఒక్కో ట్రేలో దాదాపు కిలో ముక్కలు ఒక్క వరసగా పడతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరచడం నిజంగా పొదుపు కాదు. అతుక్కున్న రెండు ముక్కలు గాలి లెక్కలో ఒకే లావు ముక్క. చట్రాలు జారకుండా మూలల్లో చిన్న చెక్క ముక్కలు కొట్టి పై ట్రే వాటి మధ్య కూర్చునేలా చేయాలి. చట్రానికీ చట్రానికీ మధ్య సందు ఉంటే పాత దుప్పటి పీలికలు అంటించి మూసేయాలి. పేర్చిన చట్రాల గోడలే ఇక్కడ గొట్టం, గోడకు చిల్లి పడితే వేడిగాలి ముక్కలను ముట్టకుండానే బయటికి జారిపోతుంది. ట్రేలో ఒక మూల ఖాళీగా వదిలినా అంతే. గాలి ఎప్పుడూ అడ్డులేని దారినే పోతుంది కాబట్టి ముక్కలు పలచగానే అయినా ట్రే అంతటా సమంగా పరచుకోవాలి.

జాలీ విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే జింకు పూత జాలీని తిండికి వాడకండి. టమాటా, మామిడి, ఉసిరి, చింతకాయల పులుపు ఆ జింకును కరిగించుకుని తనలో కలుపుకుంటుంది. రాగి జాలీ సి విటమిన్‌ను చెడగొడుతుంది. అల్యూమినియం కూడా ఉప్పు, పులుపు తగిలితే తినుకుపోతుంది. కిటికీలకు కొట్టే ఫైబర్‌గ్లాస్ దోమతెర నుంచి సన్నని గాజు నూగు రాలే ప్రమాదం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అన్నిటికన్నా మేలు. ఖరీదు ఎక్కువనిపిస్తే తిండికి పనికొచ్చే ప్లాస్టిక్ జాలీ గానీ, చట్రానికి బిగుతుగా లాగి కట్టిన పలుచని నూలు గుడ్డ గానీ చాలు. గుడ్డకు ఒక అదనపు సుగుణం ఉంది. వడియాలు ఎండి అతుక్కుంటే గుడ్డ వెనక నీళ్లు చిలకరించి సులువుగా ఊడదీయొచ్చు. చెక్కగా టేకు, వెదురు మంచివి. జిగురు వాసన వేసే చెక్క, ప్లైవుడ్ వద్దు. ప్లైవుడ్‌ను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వేడికి అది గాలిలోకి వస్తుంది. చెక్కకు లోపలివైపు పెయింటూ వార్నిషూ వేయకూడదు.

ముక్క మందం గురించి మన పూర్వులకు ఉన్న తెలివి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఎండడం రెండు దశల్లో సాగుతుంది. మొదట పైతడి పోతుంది, అప్పుడు వేగమంతా గాలి చేతిలో ఉంటుంది. ఈ దశలో ముక్క చల్లగానే ఉంటుంది. చుట్టూ గాలి 45 డిగ్రీలున్నా ఆవిరవుతున్న నీరు దాన్ని 28 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతుంది. పైతడి అయిపోయాక లోపలి నీరు మెల్లగా పైకి పాకాలి. ఇక్కడ గాలి ఎంత వీచినా ప్రయోజనం తక్కువ, దూరమే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ పాకే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. సెంటీమీటరు ముక్కను అర సెంటీమీటరుకు తరిగితే సమయం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మామిడి తాండ్ర చేసేవాళ్లు రసాన్ని ఒకేసారి మందంగా పోయకుండా చాప మీద పలుచగా పూసి, అది ఎండాక ఇంకో పూత, అది ఎండాక మరో పూత వేయడంలో ఉన్న రహస్యం ఇదే. రసానికి జాలీ పనికిరాదు, గాలి పైముఖానికే తగులుతుంది. ఆ లోటును వాళ్లు పలుచని పూతతో పూడ్చారు. ఎండు మాంసం చేసేవాళ్లు పొడుగాటి పీలికలను దండెం మీద వేలాడదీస్తారు. అక్కడ ట్రే కూడా లేదు, అన్ని వైపులా గాలే. అయితే మాంసాన్ని ఇంటి దొంతరలో ఎండబెట్టమని నేను చెప్పను. 45 డిగ్రీల వేడి దానిలోని బ్యాక్టీరియాను చంపకుండా పెంచుతుంది.

వేడి ఎక్కువైతే త్వరగా ఎండుతుందనుకుని మొదటి గంటల్లోనే 70 డిగ్రీలు పెట్టేవారున్నారు. అలా చేస్తే పైపొర బిగుసుకుని పెంకులా మారుతుంది, లోపలి నీరు అందులో చిక్కుకుపోతుంది. ముట్టుకుంటే గలగలలాడే ఆ ముక్క డబ్బాలో పది రోజులకు బూజు పడుతుంది. కూరగాయలకు, పండ్లకు 50 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి మంచిది. కరివేపాకు, మునగాకు, గోంగూరలకు ఇంకా తక్కువ చాలు, పైగా నేరుగా ఎండ తగలకూడదు. ఎండ తగిలితే ఆకుపచ్చ రంగుతో పాటు వాటిలోని కెరోటిన్ కూడా నశిస్తుంది. దొంతర ట్రేలకు ఇక్కడ డాబా కన్నా ఒక మెట్టు ఎక్కువ విలువ ఉంది. లోపల నీడ, వెచ్చని గాలి రెండూ ఉంటాయి.

ఎంత ఎండితే చాలు? తేమ శాతం ఒక్కటే దీనికి జవాబు చెప్పదు. ఆస్ట్రేలియా సూక్ష్మజీవ శాస్త్రవేత్త డబ్ల్యూ.జె. స్కాట్ 1950ల్లో తేల్చింది ఇదే. సూక్ష్మజీవికి తిండిలో ఎంత నీరుందన్నది కాదు, అందులో తనకు దొరికే నీరెంత అన్నదే ముఖ్యం. ఉప్పు, చక్కెర పట్టి ఉంచిన నీరు దానికి దక్కదు. ఈ దొరికే నీటిని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి 1. చాలా బ్యాక్టీరియాలు 0.91 కిందికి దిగితే పెరగలేవు, మొండిదైన స్టెఫిలోకాకస్ ఆరియస్ 0.86 దాకా తట్టుకుంటుంది. 0.6 కింద ఏ బూజూ బతికి పెరగదు. ఒరుగులను ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండేయడంతో ఈ అంకె ఎండలో పెట్టకముందే తగ్గడం మొదలవుతుంది. ఉప్పుకు ఒక ఇబ్బంది కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుంటుంది. శ్రావణ మాసంలో మూత సరిగా పెట్టని మామిడి ఒరుగు చెమ్మగిల్లేది అందుకే.

ఈ అంకెల మీద మనుషుల ఆరోగ్యం నిలబడి ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటి దాణాలోని వేరుశనగ పిండి అని తేలింది. సరిగా ఎండని వేరుశనగలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి విషం వదిలింది. అదే అఫ్లటాక్సిన్. కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే ఈ విషం వండినా, వేయించినా పూర్తిగా పోదు. మిరపకూ ఇదే ప్రమాదం. గుంటూరు, ఖమ్మం కల్లాల్లో పండు మిరపకాయను ఎండబోసేటప్పుడు దానిలో మూడొంతుల దాకా నీరుంటుంది. పై తొక్క మైనం పూతలా ఉండడంతో నీరు అంత తేలిగ్గా బయటికి రాదు. నేల మీద పోసిన కాయకు కింద గాలి ఆడదు, రాత్రి మంచుకు పట్టా కప్పితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది, మధ్యలో అకాల వర్షం పడితే ఇక చెప్పనే అక్కర్లేదు. యూరప్‌కు పంపే మిరపలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించితే సరుకు వెనక్కి వస్తుంది. ఏడాది కష్టం చేసిన రైతు చివరి పది రోజుల్లో గాలి చాలక నష్టపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. నేల నుంచి అడుగు ఎత్తులో జాలీ పరిచినా ఎంతో మేలు. తీరంలో ఇసుక మీద చేపలు ఎండబెట్టే కుటుంబాలకూ అంతే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల కోసం రూపొందించిన సౌర డ్రయ్యర్లలో ఉన్నవీ పేర్చిన ట్రేలు, వాటి మధ్య నడిచే వేడిగాలే.

ఇంటి దొంతరను రాత్రిపూట బయట వదలకూడదు. సూర్యుడు దిగగానే గాలి చల్లబడి తేమ శాతం పెరుగుతుంది, పగలంతా పోయిన తేమలో కొంత తిరిగి ముక్కల్లోకి చేరుతుంది. ట్రేలన్నీ లోపలికి తెచ్చి, పైనా కిందా మూసేసి, తెల్లారి ఎండ వేడెక్కాక తెరవాలి. దొంతరను నిలిపిన బల్ల కాళ్ల కింద నీటి పళ్లేలు పెడితే చీమలు ఎక్కవు. కిందా పైనా గాలి దారులకు సన్నని నెట్ కట్టాలి. కూరగాయలను ఎండబెట్టే ముందు మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి తీస్తే వాటిలోని ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, రంగూ వాసనా నిలుస్తాయి. వంకాయ, దొండకాయలకు ఇది తప్పనిసరి అంటాను. మిరపకు అక్కర్లేదు, నిలువుగా చీరితే చాలు.

ఎండిన కూరగాయ వంచితే పటుక్కున విరగాలి. పండు ముక్క విరగకపోయినా నొక్కితే తడి ఊరకూడదు. చల్లారాక గాజు సీసాలో మూడింట రెండొంతులు నింపి మూత బిగించి వారం రోజులు ఎదురుగా పెట్టుకోండి. రోజుకోసారి సీసాను కుదపండి. ఎక్కువ ఎండిన ముక్కలు, తక్కువ ఎండిన ముక్కలు తేమను పంచుకుని అన్నీ ఒక స్థాయికి వస్తాయి. ఈలోగా సీసా లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తే అన్నిటినీ మళ్లీ ట్రేలకెక్కించాలి. బూజు కనిపిస్తే ఆ ముక్కల్లో వేటినీ ఏరి ఉంచకుండా సీసాలోవన్నీ పారేయాలి. ఆరుబయట ఎండినవాటిలో పురుగుల గుడ్లు ఉండే అవకాశం ఉంది కాబట్టి, గాలి చొరని కవరులో పెట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజరులో, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచి తీసి, కవరు విప్పకుండానే గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు డబ్బాలకు ఎత్తుకోవాలి.